కల్లెత్తడానికి వచ్చినాయన

ఇది నిజానికి పద్యాల్లో చెప్పాల్సిన కథ. వీరుడున్నాడు, వాడి మీదికి వచ్చిన మరో వీరుడున్నాడు, తరాల నాటి కట్టుబాటు ఉంది, నేల అదిరిన చప్పుడు ఉంది. కాకపోతే మొదటి వీరుడు మా మేనమామ. మగ్గం గుంతలో కూర్చుని కూర్చుని ఆయనకు నడుంనొప్పి. కట్టుబాటు తరాల నాటిదో, ఆయన నాయన ఊసుపోక పెట్టిందో ఎవరూ చెప్పలేరు. నేల అదిరిన మాట మాత్రం నిజం.

యాభైల చివర్లో మా మామ ధర్మవరంలో పగలు పట్టుచీరలు నేసేవాడు, తెల్లారకముందు సాముగరిడి నడిపేవాడు. గరిడి అంటే ఓ కొట్టం, లోపల మెత్తటి ఎర్రమన్ను, గోడకు ఆంజనేయస్వామి పటం, కింద ఆరకుండా చూసుకునే దీపం. ఇనుము తలుపు గొళ్లేనికే. మిగతాదంతా రాయి, కొయ్య. తల చుట్టూ తిప్పడానికి కొయ్యగదలు. పైన పిడి చెక్కిన రాతిగుండ్లు, వాటిని సంగిడీలంటాం. సంగిడిని కాళ్ల సందులోంచి ఊపి, ఆ ఊపు చల్లారకముందే భుజం మీదికి తెచ్చుకోవాలి.

"చేత్తో కాదురా, నడుముతో లేపు" అనేవాడు మామ.

పెనుకొండలో పరీక్ష తప్పిన నాకు బుద్ధి వస్తుందని ఇంట్లోవాళ్లు అక్కడికి పంపారు. బుద్ధి సంగతేమో గాని మోకాలి మీద బొప్పి వచ్చింది. కానీ అదే సంగిడిని మామ తిప్పుతుంటే చూడాలి. రాయి తన బరువు తానే మరిచిపోయినట్టు గాల్లోకి లేచేది, పిట్ట వాలినట్టు భుజం మీద వాలేది. నడుంనొప్పి ఉన్న మనిషి చేసే పనా అది?

అన్నిటికంటే పెద్దది మూలనున్న గుండు. దానికి పిడి లేదు. ఎన్ని చేతులు రాసుకున్నాయో, నూనె పూసినట్టు నున్నగా ఉండేది. ఉగాది నాడు పొద్దు నడినెత్తికి రాకముందు పొరుగూరి వాడెవడైనా వచ్చి ఎత్తుతానని అడిగితే కాదనకూడదు. భుజానికెత్తి వెనక్కి వేస్తే గుండు వాడిదే. గుండు పోయిన గరిడిలో దీపం పెట్టరు, తలుపు మూసెయ్యాలి. మామకు పిల్లల్లేరు. ఆ కొట్టం మూస్తే ఆయన ఇక మగ్గం గుంతలోంచి పైకి రాడని మా అత్త భయం. అందుకే ఉగాది వస్తే ఆమె పొరుగూళ్లు చల్లగా ఉండాలని కాక, సన్నగా ఉండాలని మొక్కుకునేది.

ఆ ఉగాదికి అగళి నుంచి ఒకాయన వచ్చాడు. సన్నగానే ఉన్నాడు. గరిడి ముందు చెప్పులు విడిచి, మాకు దండం పెట్టి అడిగాడు.

"అణ్ణా, కల్లు యాడుండాది? కల్లెత్తాల నేను."

మద్యనిషేధం రోజులు. మాతో సాము చేసే బక్కాయన గబగబా వీధి అటూ ఇటూ చూశాడు.

"మెల్లగ అడుగప్పా! పండగపూట పొద్దున్నే ఏం మాటది?"

"పండగ నాడే కదన్నా ఎత్తేది? సన్నది వద్దు. ఊర్లో అన్నిటికంటే పెద్ద కల్లు చూపించండి."

"అలవాటుందా?"

"మా ఊర్లో నేనెత్తని కల్లు లేదు. మా నాయనా ఎత్తేవాడు. మా తాత ఎత్తుతా ఎత్తుతానే పోయినాడు."

"పోడా మరి!" అన్నాడు బక్కాయన.

"మా అవ్వ కూడా సన్నసన్నవి ఎత్తుతాండె."

ఆ కుటుంబం మీద నాకు గొప్ప గౌరవం కలిగింది.

మామ బయటికొచ్చి ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టాడు. తాగుడు వల్ల ఒళ్లెట్లా గుల్లవుతుందో, పెండ్లాంబిడ్డలు ఏమైపోతారో గంటల తరబడి చెప్పి, చెంబుడు మజ్జిగ చేతిలో పెట్టాడు. ఆయన మర్యాదగా అంతా విన్నాడు.

"ఎత్తేముందు ఇంత మజ్జిగ తాగితే కడుపు బరువు కాదా అన్నా?"

"తాగు నాయనా. ఆ యావ పోతాది."

తాగి, చెంబు లోపల పెట్టొద్దామని లేచి గుమ్మం దాటాడు. మూలనున్న గుండును చూశాడు. ముఖం వెలిగిపోయింది.

"ఈడుండాదే కల్లు!"

మామ ఆయన్నీ గుండునూ మార్చి మార్చి చూశాడు.

"దీన్ని మీరేమంటారప్పా?"

"కల్లు."

అగళి ఉన్నది మైసూరు సరిహద్దులో. హిందూపురంలో అయితే ఏ కూరగాయలామె అయినా చెప్పి ఉండేది, కన్నడంలో కల్లంటే రాయని. ఆ భాష పెనుకొండ కొండెక్కలేక అక్కడే ఆగిపోయింది, ధర్మవరం దాకా రాలేదు.

అప్పటికి పొద్దు నడినెత్తి దాటింది. బక్కాయన మామ చెవిలో అన్నాడు: "పొద్దు దాటిపోయె. పైగా గుండెత్తుతా అని అన్లేదు, కల్లెత్తుతా అన్నాడు. చెల్లదు, పంపించెయ్."

అత్త గుమ్మంలో నిలబడి మామనే చూస్తోంది. అవునంటే చాలు, గరిడి నిలబడుతుంది.

"పొద్దున్నుంచీ అడుగుతానే ఉండాడు" అన్నాడు మామ. "మనకు వినపడలా. దానికి ఆయనేం చేస్తాడు?"

తనే విభూతి తెచ్చి ఆయన అరచేతులకు రాశాడు.

ఆ తర్వాతది హాస్యంగా చెప్పాలని చాలాసార్లు ప్రయత్నించాను, కుదరలేదు. ఆయన గుండు ముందు గొంతుక్కూర్చుని, నిద్రపోయే బిడ్డ కిందికి చేతులు పోనిచ్చినట్టు పోనిచ్చాడు. కాసేపు ఏమీ కదల్లేదు. తర్వాత కింద మన్ను కొద్దిగా ఊపిరి వదిలింది. గుండు తొడల మీదికొచ్చింది, పొట్టకానుకుంది, రొమ్మెక్కింది. ఆయన మెడలో ఒక్క నరం తప్ప ఏదీ తొందరపడలేదు. భుజం మీద గుండు నిలిచినప్పుడు ఆ సన్నటి మనిషి కొట్టం కప్పు దాకా పెరిగినట్టుంది. మామ తనకు తెలియకుండానే చేతులు జోడించాడు. ఓడిపోతున్న మనిషి ముఖంలో అంత సంతోషం నేను మళ్లీ చూడలేదు.

వెనక్కి వేశాడు. నేల అదిరింది. గోడ మీద పటం పక్కకు ఒరిగింది.

మామ దీపం తనే కొండెక్కించాడు. అత్త ఇంట్లోకెళ్లిపోయింది. ఆయనొక్కడు ఎత్తినదాన్ని ఎద్దులబండిలోకి ఎక్కించడానికి మేమందరం కావలసి వచ్చింది. బండికి ముందు తప్పెట, వెనక ఏడుపు ముఖాలు. శవయాత్రో పెండ్లి ఊరేగింపో తెలియక దారిలో కొందరు దండాలు పెట్టారు, కొందరు పక్కకు తప్పుకున్నారు. రైలు స్టేషన్లో గుమాస్తా గుండును చుట్టూ తిరిగి చూశాడు.

"రేపు రండి. పార్సిలు బుక్ చేస్తాం."

"రేపు మడక కట్టి దున్నాలన్నా, అదును పోతాది" అన్నాడు అగళి ఆయన. మామ వైపు తిరిగి, "నీ తావునే ఉండనీ. దీపం మాత్రం పెట్టు. చీకట్లో ఎట్లెత్తుతారు?" అని రైలెక్కేశాడు.

గుండు వెనక్కి వచ్చింది. ఆ సాయంత్రమే దీపం పెట్టారు. ఊరంతా స్వామి మహిమన్నారు. పండగ రోజుల్లో పార్సిలాఫీసు తెరవరు, అంతే.