బుచ్చిరాజు గారి బూరాపూల సంబంధాలు

బుచ్చిరాజు గారికి ఒకటే జబ్బు. పొద్దున్న అయిదున్నరకి ఊళ్ళోవాళ్ళ గేట్ల ముందు నిలబడి "పూసిందా అండీ?" అని అరవడం. ఆదివారం లేదు, పండగ లేదు, ముసురు లేదు. ఇంటివాళ్ళు స్వయంగా గేటు దాకా వచ్చి "ఆయ్, పూసిందండి" అని చెప్పేదాకా ఆయన కదిలేవారు కాదు. మంచం మీంచి చెబితే ఆయనకి వినపడేది కాదు. కిటికీలోంచి చెప్పినా వినపడేది కాదు. అదే మనిషికి నాలుగిళ్ళ అవతల ఎండిన కాయ చిట్లితే ఆ చప్పుడు మాత్రం వినపడేది.

ఆ గొంతు కాలవ మీద తయారైంది. ముప్పై ఒక్క ఏళ్ళు లాకుల దగ్గర ఉద్యోగం చేశారు. దూరాన్నుంచి పడవవాళ్ళు కేకేస్తే, లాకు తలుపు తీస్తున్నానని ఈయన తిరిగి కేకేయాలి. తర్వాత్తర్వాత పడవలు పోయాయి, ఉద్యోగం పోయింది, భార్య సుభద్రమ్మ గారు కూడా పోయారు. కేక మాత్రం మిగిలిపోయింది. దాన్ని ఎక్కడ పారేయాలో తెలియక అంబాజీపేటలో మా వీధిలో పారేశారని మా అమ్మ అభిప్రాయం.

పూసేది బూరా తీగ. దాని అసలు పేరు ఎవరికీ తెలియదు. పువ్వు పెళ్ళి మేళంలో బూరా ఆకారంలో ఉంటుంది కాబట్టి అందరం బూరాపువ్వు అనేవాళ్ళం. తెల్లవారేసరికి చిక్కటి నీలంతో విచ్చుకుంటుంది, పది గంటలకల్లా గులాబీ రంగు తిరిగి, తడి రుమాలు పిండినట్టు ముడుచుకుపోతుంది. రిటైరైన ఏడాది బుచ్చిరాజు గారు ద్రాక్షారామం వెళ్ళి, దేవుడికి దణ్ణం పెట్టుకోవడం మరిచిపోయి, ఒక సత్రం గోడ మీంచి ఈ కాయలు కోసుకొచ్చారు. ఒకసారి వేస్తే ఇక పోయే తీగ కాదది. మొదలంటా నరికినా మోడులోంచి మళ్ళీ వస్తుంది. తొంభయ్యారు తుఫానుకి ఊళ్ళో కొబ్బరిచెట్లు పడిపోయాయి కానీ, ఇది నెల తిరక్కుండానే ఆ పడిపోయిన చెట్ల మీద పాకింది.

అంత మొండి తీగకి కాయ కట్టడం దగ్గర మాత్రం ఎక్కడలేని పట్టింపు. దాని పుప్పొడి దానికే పడితే కాయ కట్టదు. ఇంకో తీగ పువ్వు పుప్పొడి తెచ్చి అద్దాలి.

"ఒకే తీగ పువ్వులు సగోత్రీకులండి. ఎలా చేస్తాం పెళ్ళి?" అనేవారు బుచ్చిరాజు గారు.

అందుకని రోజూ తెల్లవారుజామున ఒక అగ్గిపెట్టె, కొసకి దూది చుట్టిన చీపురుపుల్ల పట్టుకుని బయల్దేరేవారు. ఒకరింటి పువ్వు పుప్పొడి అగ్గిపెట్టెలో దులుపుకుని, ఇంకొకరింటి పువ్వుకి అద్దేవారు. అద్దిన తర్వాత ఊరుకోవచ్చు కదా. పెళ్ళి కుదిరిన సంగతి వీధి వీధంతా వినిపించాలి.

"కామేశ్వరి గారిని యేసురత్నం మేస్టారికి ఇచ్చేనండీ! మూడు కాయలు కట్టింది!"

కామేశ్వరి గారి భర్త మస్కట్‌లో ఉంటాడు. యేసురత్నం మేస్టారు భార్య పోయిన పెద్దమనిషి, చర్చిలో కానుకల పళ్ళెం పట్టుకునేవారు. ఆ మాట మొదటిసారి విన్న పాలవాడు సైకిలు మీంచి పడ్డాడు. మేస్టారు గేటు దగ్గరికొచ్చి, చేతులు జోడించి, "రాజుగారూ, పువ్వు అన్న మాట ఒకటి చేర్చండి బాబూ, మీకు పుణ్యముంటాది" అన్నారు.

"చేర్చక్కర్లేదండి. ఊరందరికీ తెలుసు" అన్నారు ఈయన.

ఇక కాయ కట్టాక చేసే వైభోగం చూడాలి. చిట్లి గింజలు రాలిపోకుండా పాత పంచె ముక్కలతో కుట్టిన బుల్లి సంచులు కాయలకి తొడిగేవారు. "కాయలకి గోచీలు పెట్టేడే తల్లీ!" అని మా అమ్మ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకునేది. కాయ తీగ మీదే ఎండి, కాగితంలా గలగలమన్నాక కోసేవారు. లోపల మూడంచుల నల్లటి గింజలు, మహా అయితే నాలుగు. వాటిని అగరొత్తుల డబ్బాలో దాచి, విత్తేముందు ఒక్కొక్కదాని వీపు మీద నెయిల్ కట్టర్ ఆకురాయితో గీరి, రాత్రంతా గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టేవారు. నీళ్ళ వేడి సరిపోయిందో లేదో చూడ్డానికి మోచెయ్యి ముంచేవారు, పసిపిల్లలకి స్నానం పోసేటప్పుడు చూసినట్టు.

ఒకసారి కొబ్బరికాయలు ఎత్తడానికొచ్చిన రాజస్థాన్ లారీ ఇరుసు విరిగి మేస్టారి గోడ పక్కన పదిహేను రోజులు ఆగిపోయింది. ఇరుసు వచ్చేసరికి తీగ లారీ అద్దం పట్టుకుని, డ్రైవరు తలుపు మీదుగా లోపలికెళ్ళి, స్టీరింగుకి రెండు చుట్లు చుట్టుకుంది. అందులో ఒక కాయ కూడా ఉంది. బుచ్చిరాజు గారు లారీకి అడ్డంగా నిలబడ్డారు.

"చార్ దిన్! కాయ పక్తా హై! చార్ దిన్!" నాలుగు రోజులాగితే కాయ పండుతుందని ఆయన హిందీ.

డ్రైవరు తలపాగా తీసి నేలకేసి కొట్టాడు. చివరికి ఏం ఒప్పందమైందో గానీ, కాయకి గోచీ తొడిగి, తీగ ముక్కతో సహా స్టీరింగు మీదే ఉంచి లారీ పంపించారు. నాలుగో రోజున కోసి, గీరి, నానబెట్టి విత్తాలని ఆ డ్రైవరుకి అరగంట సేపు చేతులతో అభినయించి చూపించారు. జైపూర్‌లో బూరాపూలు పూస్తున్నాయనే ఆయన నమ్మకం.

ఇలా దారినపోయే లారీకి ఇచ్చిన గింజ మాకు మాత్రం ఇచ్చేవారు కాదు. మా అమ్మ వీరవేణి ఆరేళ్ళు అడిగింది.

"రాజుగారూ, నాలుగు గింజలు పెట్టండి. మా గోడ ఖాళీగా ఉంది."

"మీ గోడ ఉత్తరం చూస్తందండి. పూయదు."

"తూర్పు గోడ కూడా ఉందండి."

"అక్కడ జామచెట్టుందండి. దాంతో పడదు."

అమ్మ జామచెట్టు కొట్టించింది. ఆ సంగతి చెప్పడానికి వెళితే, ఆయన కాసేపు ఆలోచించి, "చెట్టు కొట్టిన చోట మూడేళ్ళు ఏదీ వెయ్యకూడదండి" అన్నారు. ఆ రోజు నుంచి అమ్మ ఆయన్ని ఎదురుగా రాజుగారనీ, వెనక లాకుల రాక్షసుడనీ అనేది. ఒకసారి మేస్టారి గోడ మీంచి కాయ దొంగతనం కూడా చేసింది. పచ్చికాయ. మొలవలేదు. దొంగతనానికి వెళ్ళేముందు పండిందో లేదో చూసుకోవాలని నేను పుస్తకంలోంచి తలెత్తకుండానే అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

రెండువేల ఒకటిలో నాకు విశాఖపట్నంలో ఎమ్మే తెలుగు సీటొచ్చింది. కార్డు వచ్చిన రోజు అమ్మ వీధి వీధంతా పంచదార పంచింది. నేను మాత్రం ఆ కార్డు పుస్తకంలో దాచేశాను. నాన్న ఖతార్‌లో ఉన్నారు, ఇంకో రెండేళ్ళ దాకా రారు. నేను వెళితే ఇంట్లో అమ్మ ఒక్కతీ. ఆవిడకి అప్పుడప్పుడూ కళ్ళు తిరుగుతాయి. బీపీ మాత్ర వేసుకోమంటే, "నిన్న వేసుకున్నాను కదే" అంటుంది.

"నేను వెళ్ళనమ్మా. ప్రైవేటుగా కట్టుకుంటాను" అన్నాను.

"నోర్ముయ్. నీ పుస్తకాలతో ఇల్లంతా బొద్దింకలు. నువ్వెళితే గానీ నాకు శాంతి లేదు" అంది అమ్మ. అని, వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

ఆ జూన్ నెలలోనే వీరాయమ్మ గారి సంగతి జరిగింది. ఆవిడ మా ఎదురింటి ముసలావిడ, ఎవరూ లేరు. ఏటా మృగశిర కార్తెకి ముందు బుచ్చిరాజు గారు అందరి తీగల్నీ మోకాలెత్తు మోడుగా నరికేసేవారు. వానలు పడ్డాక కొత్త చిగుళ్ళు బాగా వస్తాయట. ఆ ఏడూ నరికి పది రోజులైంది. ఒక పొద్దున్న మామూలు కేక వినిపించింది. రెండోసారి వినిపించింది. మూడోసారి కేక కాదు, గోడ మీంచి ఏదో పడిన చప్పుడు.

నేను పరుగెత్తాను. అరవయ్యారేళ్ళ బుచ్చిరాజు గారు ప్రహరీ దూకి, పంచె సగం గోడకి వదిలేసి, నూతి గట్టు దగ్గర జారిపడి లేవలేకపోతున్న వీరాయమ్మ గారి తలకింద చెయ్యి పెట్టి కూర్చున్నారు.

"కాలు విరిగిందమ్మా. రిక్షా పిలు. ముందు నాకో తువ్వాలు తే" అన్నారు.

వీరాయమ్మ గారు ఆ నొప్పిలో కూడా, "ఇదేం పాడుపనండీ, ఆడమనిషి ఒక్కతీ ఉన్న ఇంట్లోకి గోడ దూకుతారా?" అని మూలిగారు.

"మీ కోసం కాదండి. తీగ చూడ్డానికొచ్చేను."

అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్ళాక, పడగానే చూశారు కాబట్టి సరిపోయిందని డాక్టరు గారు చెప్పారట. నేను మాత్రం వీరాయమ్మ గారి పెరట్లో ఆ తీగ దగ్గర నిలబడిపోయాను. మోడు. ఒక్క ఆకు లేదు. ఈ మోడు ముందు పది రోజులుగా ఒక మనిషి "పూసిందా అండీ?" అని అరుస్తున్నాడు, అందరూ లేచొచ్చి "లేదండి" అని చెబుతున్నారు, ఎవరికీ అనుమానం రాలేదు. బుచ్చిరాజు గారు ఏం చేసినా వింతగా ఉండదు మరి.

వీధిలో బూరా తీగలున్న ఇళ్ళు మనసులో చూసుకున్నాను. వీరాయమ్మ గారు. కామేశ్వరి గారు. యేసురత్నం మేస్టారు. కాలవగట్టున ఆస్తమాతో ఉండే అమ్మిరాజు గారు. చివరింటి కుట్టుమిషను సత్యవతి. ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్కరే మనిషి. చెప్పినదానికంటే చెప్పనిది ముఖ్యమని డిగ్రీలో మూడేళ్ళు చదివి, పరీక్షలో పేజీలకి పేజీలు రాసి వచ్చిన దాన్ని నేను. ఆరేళ్ళుగా కిటికీ ముందే వినిపిస్తున్న ఆ కేకలో చెప్పనిదేమిటో నాకు తట్టనే లేదు.

అమ్మకి చెప్పలేదు. చెబితే మధ్యాహ్నానికల్లా ఊరందరికీ తెలిసిపోతుంది. ఆయన్ని అడగాలని రెండుసార్లు వాళ్ళ గేటు దాకా వెళ్ళి, టైమెంతయిందని అడిగి వచ్చేశాను. రెండోసారి ఆయన, "గడియారం కొనిపెట్టమని నాన్నగారికి రాయమ్మా" అన్నారు.

నా ప్రయాణం ఇంకో అయిదు రోజులుందనగా, పొద్దున్నే మా గేటు చప్పుడైంది. బుచ్చిరాజు గారు. చేతిలో గిన్నె, గిన్నెలో నీళ్ళు, నీళ్ళలో ఉబ్బిన నాలుగు గింజలు.

"వీరవేణమ్మా, పలుగుందా?"

అమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఎందుకండీ?"

"గింజలు వెయ్యాలి."

"మా గోడ ఉత్తరం చూస్తంది కదండీ."

"తూర్పు గోడుంది కదా."

"చెట్టు కొట్టిన చోట మూడేళ్ళు ఏదీ వెయ్యకూడదన్నారు. ఇంకా ఏడాదన్నరుందండి."

"అది వేరే చెట్లకండి. జామకి లెక్కలేదు."

"అక్కర్లేదండి. ఆరేళ్ళు మీ చుట్టూ తిరిగేను. నాకు బూరాపువ్వు మీద మోజు పోయింది. పట్టికెళ్ళి లారీలకి కట్టుకోండి!"

బుచ్చిరాజు గారు బిక్కమొహం వేసుకుని నావైపు చూశారు. లాకు తలుపు ఇరుక్కుపోతే ఎలా ఉండేవారో ఆ మొహం చూస్తే తెలిసింది.

"పాప ఎప్పుడెళ్తందండీ?" అన్నారు మెల్లిగా.

"సోమవారం. మీకెందుకండీ?"

"ఏం లేదు. సోమవారానికి మొలకొచ్చేత్తాది."

నేను వెళ్ళి పలుగు తెచ్చాను. అమ్మ నన్ను మింగేసేలా చూసింది. నేను గోతులు తవ్వుతుంటే ఆయన మోచెయ్యంత దూరం కొలిచి ఒక్కొక్క గింజా పెట్టారు. చివరి గింజ పెట్టాక, చేతికంటిన మట్టి దులుపుకుంటూ, నేల వంకే చూస్తూ, "నువ్వు నిశ్చింతగా చదువుకోమ్మా. ఇది బతికే తీగే" అన్నారు.

సోమవారం రెండు మొలకలొచ్చాయి. బస్సెక్కాను.

హాస్టల్లో ఆదివారం ఫోనంటే రేషను షాపు వరసే. దసరా సెలవులకి ముందు ఒక ఆదివారం అమ్మ ఫోన్ చేసింది. ముందు పావుగంట బుచ్చిరాజు గారిని తిట్టింది. అయిదున్నరకే అరుస్తున్నాడట. బయటికి వచ్చి చెప్పేదాకా వదలట్లేదట. మొన్న కళ్ళు తిరిగి కాస్త ఆలస్యంగా లేస్తే గోడెక్కి కూర్చున్నాడట.

"మాత్ర వేసుకుంటున్నావా?"

"వేసుకోక చస్తానా? ఆ రోజు నుంచి 'మాత్ర వేసుకున్నారా, ఆ వాసన తీగకి మంచిదండి' అంటున్నాడు. మాత్రకి వాసనేంటే, ఎవడికి చెబుతాడు!"

"తీగ ఎలా ఉందమ్మా?"

"ఇరగబూస్తందే! ఇయ్యాళ పదకొండు పూసేయి. నేను మూడే అని చెప్పేను."

"అదేమిటి? అబద్ధం ఎందుకు?"

"మూడంటే నమ్మడు. 'అలా పూయదండి, చూడనియ్యండి' అని లోపలికొచ్చి లెక్కెడతాడు. ఆ లెక్క తేలేలోపు కాఫీ, రెండిడ్లీలు తినిపించేత్తాను. ఊరందర్నీ లేపుతాడు గానీ, ఆయన లేచేడో తిన్నాడో అడిగే మనిషేడే? నాకు తెలీదనుకుంటన్నాడు పిచ్చిమారాజు."

నాకు తట్టడానికి ఆరేళ్ళూ, ఒక విరిగిన కాలూ కావలసి వచ్చింది. అమ్మకి మూడు నెలలు సరిపోయింది. వెనక వరసలో అమ్మాయి భుజం మీద తడుతోంది.

"సర్లే, ఉంటాను. రేపు మాత్రం ఎక్కువ పూసినట్టు చెప్పాలి" అంది అమ్మ.

"మళ్ళీ అదెందుకు?"

"రోజూ తక్కువే చెబితే అనుమానం రాదూ?"