మసీదు గంజికి మసాలా

రంజాన్ నెల మొదలైందంటే సూళ్లూరుపేటలో ముంతాజ్ బేగం ఇంటి ముందు మధ్యాహ్నానికే అల్లం వాసన గుప్పుమంటుంది. మసీదులో ఉపవాసం విడిచే మూడు వందల మందికి పోసే గంజికి అల్లం వెల్లుల్లి, కొబ్బరి, పుదీనా అన్నీ ఆమే నూరి పంపుతుంది. ఆమె అత్త బతికున్నన్నాళ్లూ రోట్లో నూరింది. అత్త పోయాక పదకొండేళ్లుగా ఈమె మిక్సీలో తిప్పుతోంది. పైసా తీసుకోదు. బట్టలు కుట్టే మొగుడు మౌలా ఎప్పుడైనా విసుక్కుంటే, "అల్లా నాకంటూ ఇచ్చింది ఈ ఒక్క పనే. దీన్ని గూడా లాక్కోవద్దు" అని నోరు మూయించేది. చదువు లేదు, పిల్లలు కలగలేదు. ఊళ్లో ఆమెకంటూ ఉన్న పేరంతా ఆ గంజి వల్ల వచ్చిందే.

పాత మిక్సీ అరిగిపోతే ఈసారి రెండు నెలల ముందే కొత్తది కొన్నారు. రెండేళ్ల వారంటీ. మొదటి వారంలోనే, ఇద్దరికి చట్నీ తిప్పితేనే, కాలిన వాసన వచ్చింది. "కొత్త మోటారు అట్నే ఉంటదక్కా, వాడేకొద్దీ పోతది" అన్నాడు షాపతను. ఆమె నమ్మింది. ఆ ముక్క ఎక్కడైనా రాయించి పెట్టుకోవాలని ఎవరికి తెలుసు? ఉపవాసాల అయిదో రోజు, అల్లం సగంలో ఉండగా, శ్రీహరికోటలో రాకెట్ లేచినప్పుడు గిన్నెలు అదిరినట్టు అదిరి, పొగలు కక్కి మిక్సీ ఆగిపోయింది.

కంపెనీకి ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని అరగంట తిప్పి, మూడో రోజుకి ప్రవీణ్ అనే మెకానిక్‌ను పంపారు. తను ఉపవాసంలో ఉండి కూడా అతనికి టీ పెట్టి ఇచ్చింది. "ఎంతమందికి తిప్పుతారక్కా?" అని అడిగాడు. అడిగింది ఆమెకు ప్రాణమైన సంగతాయె!

"మూడొందల మందికి నాయనా! మసీదు గంజి మసాలా అంతా నా చేతిదే" అంది, మొహం వెలిగిపోతుండగా.

అతను టీ తాగి, ఫోన్లో ఏదో కొట్టుకుని వెళ్లిపోయాడు. సాయంత్రానికి మెసేజ్ వచ్చింది: వ్యాపార వినియోగం, వారంటీ వర్తించదు.

వ్యాపారమట! పదకొండేళ్ల సేవకి వాళ్లు పెట్టిన పేరు అది. తనది ఆగిపోయినప్పటి నుంచి పక్కింటి మిక్సీ రెండు రోజులు అడిగి తెచ్చుకుంది. మూడో రోజు వాళ్ల మొహాలు మారాయి. ఇంకొకటి కొనే స్తోమత లేదు. పెరట్లో అత్త రోలు కడిగి దాని ముందు కూర్చుంది. పట్టేసిన భుజం లేవనంటున్నా పళ్ల బిగువున నూరింది.

మిక్సీని సంచిలో వేసుకుని నాయుడుపేట సర్వీస్ సెంటరుకు బస్సెక్కింది. కౌంటర్లో కూర్చునే రోజారమణి మంచి పిల్లే. "డబ్బులు తీసుకోలేదని మసీదువాళ్ల దగ్గర కాయితం తెండక్కా, పైకి పంపిస్తా" అంది. మసీదు పనులు చూసే అఫ్జల్ ఆ రోజే ముద్ర వేసి రాసిచ్చాడు. మళ్లీ బస్సు. నాలుగు రోజులకి జవాబు వచ్చిందంటే మళ్లీ బస్సు. వ్యాపారం కాదని కంపెనీ ఒప్పుకుంది. కానీ ఒక సంస్థ కోసం వాడారు కాబట్టి ఇంటి వాడకం కిందకి రాదంది.

"మా ఇంట్లోనే గదమ్మా తిప్పినాను? చట్నీకే వాసనొచ్చింది గదా?"

"అప్పుడు కంప్లైంట్ పెట్టలేదు గదక్కా." రోజారమణి తల దించుకుంది. "నా చేతుల్లో ఏం లేదు."

మరి ఎవరి చేతుల్లో ఉందో ఆ పిల్లకీ తెలియదు. ముంతాజ్ బేగం మిక్సీని ఒళ్లో పెట్టుకుని ఇంటికి తిరిగొచ్చింది.

గుమ్మంలో అఫ్జల్ నిలబడి ఉన్నాడు. "భుజం నొప్పితో రోట్లో నూరుతున్నారంట గదా? ఇంక మీరు ఇబ్బంది పడొద్దక్కా. అల్లం వెల్లుల్లి, కొబ్బరి అన్నీ ప్యాకెట్లే తెప్పించినాం. వచ్చే ఏడు గూడా అవే" అన్నాడు. మేలు చేస్తున్నాననే అనుకున్నాడు.

ఆ సాయంత్రం ఎప్పటిలాగే మసీదు నుంచి గంజి వచ్చింది. ఖర్జూరం నోట్లో వేసుకుని, గిన్నె అందుకుంది. రుచి కాస్త చెడితే బాగుండునని అనుకుంది, అనుకున్నందుకు సిగ్గుపడింది. మౌలా గిన్నె ఖాళీ చేసి మూతి తుడుచుకున్నాడు.

"ఏం ఫరక్ లేదులే. అచ్చం నువ్వు నూరినట్టే ఉంది" అన్నాడు.

ఓదార్చాననుకున్నాడు పాపం. ఆమె గిన్నె కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.