వేడి మీద నిజం చెప్పని పొడి

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే నవ్వి ఊరుకునేవాణ్ణి. నరసరావుపేటలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. ఉప్పు అమ్ముకుని కాదు, ఉప్పులు చెప్పుకుని బతికేవాణ్ణి. రసాయనంలో రసం పిల్లలది, ఆయాసం నాది. నీళ్ళలోనూ యాసిడ్‌లోనూ కరగని దయ్యాన్ని ఏ గ్రూపులో వెయ్యాలో నాకు తెలియదు.

ఇప్పటికీ నమ్మననే అంటాను. కాకపోతే కిందటి వేసవిలో ఒకటి జరిగింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మా పక్కింటి శివమ్మక్క భర్త కోటయ్యన్న పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో బస్తాలు మోసి నడుం పోగొట్టుకున్నాడు. తిరునాళ్ళలో చాప పరిచి మందులమ్మే ఒకాయన దగ్గర తెల్లటి పొడి కొన్నాడు. పూటకో చెంచా, తేనెలో. ఆ సాయంత్రమే మొదలుపెడతానని పట్టుబట్టాడు. అక్కకు మనసొప్పక చిటికెడు పొట్లం కట్టి నా చేతిలో పెట్టింది.

"పొద్దస్తమానం పిల్లకాయలకు ఉప్పులు చెప్తావుగా తమ్ముడూ, ఇదేందో చెప్పలేవా? నువ్వు సరేనంటేనే మీ అన్న నోట్లో వేస్తా."

సెలవులు. ల్యాబ్ తాళం నా దగ్గరే ఉంటుంది. మధ్యాహ్నం వెళ్ళి, గాలికి తలుపు కొట్టుకుంటుంటే లోపల గడియ వేసుకున్నాను.

పొడి నీళ్ళలో కరగలేదు. నీళ్ళు కలిపిన నైట్రిక్ యాసిడ్ పోసి వేడి చేస్తే బుసబుసా పొంగి కరిగింది. తెల్లగా ఉండి, నీళ్ళలో కరగక, యాసిడ్‌కు పొంగేది కనిపిస్తే పల్నాడు వాడికి ఇంకేం తోస్తుంది? సున్నపురాయి. మా దగ్గర దుమ్ము కూడా అదే. పద్ధతి ప్రకారం సీసం ఉందేమో చూడాలి గనుక, ఆ వేడి ద్రావణంలోనే కాస్త హైడ్రోక్లోరిక్ యాసిడ్ వేశాను. అవక్షేపం రాలేదు. సీసం లేదన్నమాట. మిగతా పరీక్షలు చెయ్యకుండానే తీర్పు చెప్పేసుకున్నాను: రాయిపొడి, నడుం నిలబెట్టదు, ప్రాణమూ తీయదు.

గాజు కడ్డీలన్నీ కడిగి సింకు పక్కన బీకరులో నిలబెట్టాను. కిటికీ దగ్గరికి వెళ్ళి అక్కకు ఫోన్ చేయబోతుండగా వెనక నుంచి గాజు మీద గాజు గీసిన చప్పుడు. మెల్లగా, రెండుసార్లు.

ఆ చప్పుడు నాకు తెలుసు. ఈ ల్యాబ్‌లోనే నాకు పాఠం చెప్పిన పెద్ద సారుది. ద్రావణం మొరాయిస్తే, చల్లారాక ట్యూబు లోపలి గోడను కడ్డీతో అలా గీసేవారు. ఆ గీతల దగ్గర స్ఫటికాలు మొదలయ్యేవి. "చల్లారనీరా. వేడి మీద ఎవరూ నిజం చెప్పరు" అనేవారు. ఆయన పోయి అప్పటికే ఏడాది దాటింది.

తిరిగి చూశాను. స్టాండులో నా ట్యూబు నిండా సూదుల్లాంటి తెల్లటి స్ఫటికాలు మెరుస్తూ కిందికి దిగుతున్నాయి. ట్యూబులో ఒక గాజు కడ్డీ ఉంది.

కడ్డీ సంగతి తర్వాత, ముందు పొడి సంగతి తేల్చాలనుకున్నాను. ఆ స్ఫటికాలను వేడినీళ్ళలో కరిగించి పొటాషియం అయొడైడ్ వేశాను. చల్లారుతుంటే బంగారు రేకులు రాలాయి. అనుమానమే లేదు, సీసం. వెనకటి తెల్లరంగుల్లో కలిపేవాళ్ళే, ఆ సీసపు పొడి. సున్నపురాయి లాగే యాసిడ్‌కు పొంగుతుంది.

ఫోన్ చేస్తే అక్క, తేనెలో కలిపేసి నా మాట కోసమే కూర్చున్నామంది.

"పారబొయ్యక్కా. అది విషం."

అవతల కోటయ్యన్న గొణుగుడు వినపడింది: "చానా మంచి తేనె. దండగ చేశాడు." డాక్టరు చూశాక నడుం కుదుటపడింది గానీ, ఆ తేనె సంగతి ఇప్పటికీ ఎత్తుతాడు.

వేడిలో కరిగి ఉన్న సీసపు లవణం చల్లారితే బయటపడటం వింత కాదు. బోర్డు మీద రాసి ఎవరికైనా చూపిస్తాను. వేడి మీద ఆ పరీక్ష చేసిన పిల్లాడికి నేనే మార్కులు కోస్తాను. కానీ కడిగి బీకరులో పెట్టిన కడ్డీ ట్యూబులోకి ఎలా వచ్చింది? తలుపు గడియ వేసింది వేసినట్టే ఉంది. ఎన్ని విధాల పరీక్షించినా నాకు తేలలేదు.

ఇప్పుడు ల్యాబ్‌కు తాళం వేసేటప్పుడు ఒక కడ్డీని స్టాండు పక్కనే ఉంచి వస్తున్నాను. ఎందుకని పిల్లలడిగితే, సారుకు అందుబాటులో ఉండాలంటాను. వాళ్ళు ఆ సారును నేనే అనుకుంటున్నారు.