గంప కింది నాలుగు పెట్టలు

నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తమ్మ నాతో కంటే తన కోళ్లతోనే ఎక్కువ మాట్లాడేది. వాటితో మాట్లాడేటప్పుడు ఆమె గొంతు మెత్తగా ఉండేది, అందుకని పక్కన నిలబడి నేనూ వినేదాన్ని. ఎనభైలు మొదలైన రోజులవి. వరంగల్‌లో, ఎనుమాముల మార్కెట్‌కు పోయే దారిలో మా ఇల్లు. మిర్చి బండ్లు పోతుంటే వాకిట్లో కోళ్లతో సహా అందరం తుమ్మేవాళ్లం.

మొదటిసారి పుట్టింటికి పోయి తిరిగి వస్తుంటే మా అమ్మ నాలుగు లేత పెట్టలను బుట్టలో పెట్టి ఇచ్చింది. మాది ములుగు అవతల, అడవి పక్క ఊరు. అక్కడ గద్దల బెడద ఎక్కువ. అందుకని కోడిపిల్లల వీపు మీద, రెక్కల మీద ఎర్ర రంగు పూస్తాం. రంగు చూస్తే గద్ద బెదురుతుందని మా నమ్మకం, గద్దను అడిగినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. పట్నంలో నా పెట్టలు పరాయి కోళ్లలో కలిసిపోకూడదని బయల్దేరే ముందు నేను ఇంకో పూత దట్టంగా పూశాను.

"ఏందే, ఇవి హోలీ ఆడొచ్చినయా?" అంది అత్తమ్మ బుట్ట మూత తీసి.

అన్నది గానీ, ఆమె పని తెలిసిన మనిషి. కొత్త కోళ్లను పాతవాటి మధ్య ఒక్కసారిగా వదలకూడదు. వాకిలి నడుమ పెద్ద గంప బోర్లించి, నా పెట్టలను దాని కింద ఉంచింది. పాతవి చుట్టూ తిరుగుతూ, సందుల్లోంచి చూస్తూ, పక్కనే నూకలు తింటూ అలవాటు పడతాయి. ఆ తర్వాత గంప ఎత్తితే ఇక గొడవుండదు. ఆమె చేతి మీదుగా ఎన్నో కోళ్లు అలాగే కలిశాయట.

నావి కలవలేదు. గంప ఎత్తడమే ఆలస్యం, పాతవన్నీ మీద పడ్డాయి. అన్నిటికంటే ముందు ఒక బోడిమెడ పెట్ట. మళ్లీ గంప కింద పెట్టడం, మళ్లీ ఎత్తడం, మళ్లీ అదే కొట్లాట. నా పెట్టలు బావి గట్టు వెనకా, కట్టెల మోపు కిందా దాక్కునేవి. ఒకటైతే మా ఆయన సైకిల్ క్యారియర్ ఎక్కి దిగనంది. ఈ గోలకు అత్తమ్మ కోళ్లు గుడ్లు పెట్టడం కూడా తగ్గించాయి.

"ఇగ నాతోని గాదు. ఐతారం నా తమ్ముడొస్తాండు. అప్పటిదాంక కలిస్తె కలిసినయి, లేకుంటె కూరొండుదాం," అని చెప్పేసింది.

"జర ఆగుదాం అత్తమ్మా."

"ఆగి ఏం జేస్తవ్ పిల్లా? అడివి కోళ్లు, ఇండ్లల్ల ఇమడయి."

కోళ్లనే అన్నదని తెలుసు. అయినా నా ముఖం వేడెక్కింది. అడవి పక్క నుంచి వచ్చింది కోళ్లొక్కటే కాదు కదా. ఆ ఇంట్లో బిందె దగ్గర్నుంచి బీరువా దాకా అన్నీ వాళ్లవే, నావి అనుకోవడానికి ఆ నాలుగు పెట్టలే. వాటిని కోసి నా చేతే మసాలా నూరిస్తారేమోనని ఏడుపొచ్చింది. ఏడుపు కంటే కోపం ఎక్కువొచ్చింది. చీపురు పట్టుకుని బోడిమెడదాన్ని వాకిలంతా తరిమాను. దానికి చీమ కుట్టినట్టయినా లేదు.

శనివారం పొద్దున ఒక పెట్టకు వీపు మీద నిజంగానే నెత్తురొచ్చింది. అంత మాటన్న అత్తమ్మే "అయ్యో, పానం వోతదే!" అంటూ ఉరికొచ్చింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని, ఆముదంలో పసుపూ పొయ్యి మసీ కలిపి వీపంతా, రెక్కలంతా మెత్తింది. అది నల్లగా తయారై, ఆమె చేయి జారి సరాసరి పాతకోళ్ల మధ్యకే పోయింది. నేను కళ్లు మూసుకున్నాను. ఏ అరుపూ వినపడలేదు. తెరిచి చూస్తే బోడిమెడదాని పక్కనే నింపాదిగా నూకలు తింటోంది. అటుగా వచ్చిన నా ఎర్ర పెట్టను మాత్రం అవి తరిమాయి.

అత్తమ్మ నల్లదాన్ని చూసింది, ఎర్రదాన్ని చూసింది, తర్వాత నన్ను చూసింది.

"గా రంగే పిల్లా! అవి నెత్తురనుకుంటున్నయి. నెత్తురు కండ్లవడితె కోడి పొడవక ఊకుంటదా?"

మా ఊళ్లో కోళ్లు పుట్టినప్పటి నుంచీ ఆ రంగు మధ్యే తిరుగుతాయి, ఇక్కడివి ఎన్నడూ చూసి ఉండవు. ఇంత చిన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు. కడిగితే రంగు పోలేదు. ఇద్దరం కూర్చుని మిగతా మూడింటికీ మసి పూశాం. పక్కింటి సాయిబుల పెద్దమ్మ గోడ మీదుగా తొంగి చూసింది.

"ఏంది, అత్తాకోడండ్లు కోళ్లకు మసి పూస్తాండ్రు?"

"దిష్టి తీస్తానం ఆపా!" అంది అత్తమ్మ, మోచేతుల దాకా నల్లబడ్డ చేతులతో. నాకు నవ్వాగలేదు. నన్ను చూసి ఆమె కూడా నవ్వింది.

ఆదివారం ఆమె తమ్ముడు వచ్చాడు. రావడంతోనే వాకిట్లో చూపు తిప్పి, "అక్కా, గా నల్లవి లేతగున్నయి, ఒకటి పట్టుకోనా?" అన్నాడు.

"గవి నా కోడలియి. ముట్టకు," అని చెప్పి, వంగి బోడిమెడదాన్ని పట్టుకుంది. దాని వీపు ఒకసారి నిమిరి తమ్ముడి చేతికిచ్చింది.

ఆ ఇంట్లో కందనకాయ ఎప్పుడూ వచ్చిన మగ చుట్టానికే వేసేవారు. ఆయన గిన్నెంతా కలబెట్టి, "కందనకాయ ఏదక్కా?" అని అడిగాడు.

"పిల్లెత్కపోయింది."

మా ఇంట్లో పిల్లి లేదు. మగవాళ్లు తిని లేచాక మేమిద్దరం కూర్చున్నాం. నా కంచంలో అన్నం కలపబోతే అడుగున కందనకాయ తగిలింది. నేను తలెత్తాను.

"తిను బిడ్డా," అంది తన అన్నం కలుపుకుంటూ.

ముదురు కోడి, నమలడానికి చాలాసేపు పట్టింది. అమ్మ గుర్తొచ్చింది. ఇంటికి పోవాలని మాత్రం అనిపించలేదు.