కబురొచ్చిన సాయంత్రం

ఎన్ని ఊళ్లు తిరిగానో నాకే గుర్తులేదు గానీ, ఆకాశానికి తలుపు తీసే ఉద్యోగస్తుణ్ణి మాత్రం ఒక్కణ్ణే చూశాను. కొండమీది టెలిస్కోపుకి మెకానిక్కు, దాని మీది గుమ్మటానికున్న తలుపు తీసి మూసేది అతనే. మనిషి బక్కపలచన. అందరూ పిలిచేది మాత్రం గుమ్మటం అని.

ఎక్కడో ఓ మహా నక్షత్రం కుప్పకూలినప్పుడు గామా కిరణాలు ఒక్కసారిగా చిమ్ముకొస్తాయి. మన గాలిపొర వాటిని కిందికి రానివ్వదు. పైన తిరిగే ఉపగ్రహం పసిగట్టి, ఫలానా దిక్కున చూడండని చెబుతుంది. వెనక మిగిలిన వెలుగు గంటల్లో మసకబారిపోతుంది. వందల కోట్ల ఏళ్లు నడిచొచ్చిన వెలుగు, మనం చెప్పులు తొడుక్కునేదాకా ఆగదన్నమాట. నేనూ చాలా రైళ్లు అలాగే పోగొట్టుకున్నాను, అది వేరే సంగతి. ఉపగ్రహం పంపే ఆ సందేశాన్ని కొండమీద వాళ్లంతా 'కబురు' అనేవారు. ఎవరు చూస్తే వాళ్లు కేకేయాలి, గుమ్మటం పరుగెత్తాలి. ముందు తలుపు, తర్వాతే ప్రశ్నలు.

ఆ రోజుల్లో అతన్ని పెంచిన అక్క కింద ఊళ్లో ఆస్పత్రిలో ఉంది. "పోయేముందు ఒక్కసారి కనబడరా" అని మాట తీసుకుంది. పగలు అక్క దగ్గర, సాయంత్రం డ్యూటీలో. సెల్‌ఫోన్లు గేటు దగ్గరే వదలాలి కనక కాపలాదారుతో రోజూ ఒకటే పోరు.

"ఫోనొస్తే నిద్రపోవు కదా?"

"నేను నిద్రపోతే గేటే నిన్ను పిలుస్తుంది, పోవయ్యా!"

ఓ రోజు పొద్దు వాలుతుండగా కింద నుంచి కాపలాదారు కేక: "అన్నా, కబురొచ్చింది! పరుగెత్తు!"

పరుగెత్తాడు. పైకి. పనిగది నుంచి నూట ఎనభై మెట్లు. తలుపు బరబరా తెరుచుకుంది. లోపల పరిశోధన చేసే అమ్మాయి తలెత్తింది.

"అప్పుడే తీశావేం బాబాయ్?"

"కబురొచ్చిందన్నారుగా!"

"నా తెరమీద ఏం లేదే?"

అంతలో కాపలాదారు రొప్పుతూ గుమ్మంలోకొచ్చాడు. "పైకెందుకొచ్చావన్నా! ఫోను ఆస్పత్రి నుంచి. అక్కయ్య నిన్ను అడుగుతోందట."

మళ్లీ అన్ని మెట్లూ దిగి, జీపెక్కి వెళ్లేసరికి దుప్పటి మొహం మీదికి లాగేశారు. పది నిమిషాలైందన్నారు. మెట్లెక్కి దిగడానికి అతనికి పట్టింది పావుగంట.

మేనకోడలు అతని చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "నువ్వింకా రాలేదేంటని నేను విసుక్కుంటే, అమ్మే సర్దిచెప్పింది మామయ్యా. 'దిగుతుంటాడే, వాడికి మోకాళ్ల నొప్పులు, తొందరపెట్టకు' అంది."

తను ఆ వేళ ఎక్కాడని అతను ఆ పిల్లకి చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.