డొల్లగా మోగిన ఛాతీ

నా ఛాతీ కూలిపోబోతోందని నాకు నేనే తీర్పు చెప్పుకున్న రోజు ఒకటుంది. మీరు నవ్వండి, ఫరవాలేదు. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

గోదావరిఖనిలో బొగ్గుబాయి లోపల నాది రూఫ్ చూసే పని. ఇనుప రాడ్‌తో పైకప్పును కొట్టి వింటాను. ఖంగుమంటే గట్టి రాయి. డొల్లగా మోగితే పొర విడిపోయినట్టు, దాని కింద మనిషి నిలబడకూడదు. పదిహేనేళ్లలో నా చెవి తప్పింది లేదు. పొగరంతా అక్కడిదే.

నాన్న పోయాక పట్టుకున్న దిగులుకు ఇక్కడి డాక్టరమ్మ గోలీలు రాసింది. మనసు ఒక్కచోట నిలవని జబ్బుకు కరీంనగర్ డాక్టరు వేరే గోలీలు రాశాడు. ఏడో తరగతిలో బడి గోడ దూకింది నేను కాదు, ఆ జబ్బేనని తేలినందుకు ఇంటింటికీ స్వీట్లు పంచాను. కానీ ఒకరి మందు సంగతి ఇంకొకరికి చెప్పలేదు. చెబితే ఏదో ఒకటి ఆపేస్తారని భయం. పుట్టి బుద్ధెరిగాక నా చెప్పులు రెండూ ఒకేచోట దొరికింది ఆ గోలీలు మొదలెట్టాకే మరి.

ఒక పొద్దున డ్యూటీకి ముందు ఫోన్లో ఏదో వీడియోలో ఎవరో చెబుతుంటే విన్నాను: ఆ రెండు రకాలూ కలిస్తే గుండె వేగం పెరగొచ్చు, ఒక్కోసారి లయ తప్పొచ్చు. తర్వాతి మాట వినకుండానే కిందికి దిగాను.

తోటివాళ్లు ముందుకు పోయారు. నా టోపీ లైటు పడినంత మేరే లోకం. ఎక్కడో నీటి చుక్క. దాని వెనక దబ్, దబ్. నేను నడిస్తే అదీ నడిచింది. నేను ఆగాను, అది ఆగలేదు. వెనక్కి తిరిగితే ఎవరూ లేరు. చప్పుడు నా చొక్కాలోంచి వస్తోంది.

చేతికి తెలిసిన పని ఒక్కటే. వేళ్లు మడిచి ఛాతీ మీద కొట్టాను. డొల్ల. కుడివైపు కొట్టాను. అదీ డొల్లే.

నన్ను వెతుక్కుంటూ వచ్చిన మా పెద్ద కార్మికుడు కొమురన్న నా మొహం మీద లైటు వేశాడు. “ఏంది తమ్మి, నిన్ను నువ్వే కొట్టుకుంటున్నవ్?”

“రూఫ్ పాడైంది అన్న. నా దగ్గరికి రాకు.”

గోలీల కథంతా విని, తనూ రెండు వేళ్లతో కొట్టి చూశాడు. చెవి దగ్గరపెట్టి మళ్లీ కొట్టాడు. “నిజమే తమ్మి. డొల్లనే.”

పైకి వచ్చే దాకా నాకు నాలుగు అడుగుల దూరంలో నడిచాడు, కూలితే తన మీద పడకుండా.

దవాఖానలో డాక్టరమ్మకు రెండు గోలీల సంగతీ కక్కేశాను. బీపీ చూసింది, ఈసీజీ తీయించింది. చివరికి నా ఛాతీ మీద ఒక వేలు పెట్టి, ఇంకో వేలితో దాని మీద కొట్టింది. అదే చప్పుడు.

“డొల్లనే గద మేడం? ఎన్ని రోజులున్నయ్?”

“లోపల ఊపిరితిత్తులయ్యా. గాలి ఉంటది, డొల్లగనే మోగాలె. గట్టిగ మోగితేనే నాకు ఫికర్.” గొంతు మారింది. “ఈసీజీ మంచిగుంది. గుండె వేగం, బీపీ మాత్రం ఎక్కువున్నయ్. రెండు గోలీలు కలిపి వాడొచ్చా, ఎంత వాడాలె అనేది డాక్టర్లం చూసుకుంటం. నువ్వు దాచినవ్ చూడు, ప్రమాదం గదీ.”

కరీంనగర్ డాక్టరుతో మాట్లాడి మోతాదు మార్చింది. వేగం తగ్గేదాకా బాయి దిగొద్దంది.

ప్రాణం లేచొచ్చి బయటికొస్తే, బెంచీ మీద కొమురన్న చొక్కా గుండీలు విప్పుకుని, మొహం పాలిపోయి కూర్చున్నాడు. చెయ్యి ఛాతీ మీదే ఉంది.

“తమ్మి,” అన్నాడు మెల్లగా, “నాది గూడ పోయింది.”

బొగ్గు మీద ఒట్టేసి చెబుతున్నాను: నా రాడ్ బాయి రూఫ్‌కే, నా ఛాతీ డాక్టరమ్మకే. కొమురన్న పిప్పరమెంటు బిళ్ల ఇచ్చినా సరే, ఆమెకు చెప్పే నోట్లో వేసుకుంటాను.