ఎర్ర గుడ్డల దారి

పరుగు పందేలంటే నాకు మొదటినుంచీ ఒళ్లుమంట. చేతికి గడియారాలు, నడుముకు నీళ్ల సీసాలు, ఒక్కొక్కరిదీ యుద్ధానికి బయల్దేరిన వాలకం. నన్ను ఇందులోకి లాగింది మా ఆయన. షుగరొచ్చింది, నడవమని డాక్టరు చెబితే ఆయన నడకతో ఆగలేదు. తెల్లారకముందే మచ్చ బొల్లారంలో మా కాలనీ చుట్టూ ఉరికేవాడు. వెనక నేను.

"ఉరుకుతున్నవా, పిండి జల్లిస్తున్నవా?" అని వెనక్కి తిరిగి నవ్వేవాడు.

"నీ లెక్క పనిలేనోళ్లు కాదు అందరు, ముందుగల్ల చూసుకుంట నడువు" అనేదాన్ని.

శామీర్‌పేట చెరువు వెనక మట్టిబాటల మీద జరిగే హాఫ్ మారథాన్‌కు మా ఇద్దరి పేర్లూ ఆయనే ఇచ్చాడు. పందెం వానాకాలంలో. ఎండాకాలంలో ఆయన గుండెనొప్పితో ఆసుపత్రిలో చేరి, మరి ఇంటికి రాలేదు. పందెంలో బట్టలకు పెట్టుకునే నంబర్లు తెచ్చుకోవడానికి వెళితే ఇద్దరివీ నా చేతిలో పెట్టారు. నాది ముందు పెట్టుకున్నాను. ఆయనది నా వీపుకు పిన్నీసులతో పెట్టమని మా ఆడబిడ్డను అడిగాను.

"తుపాను అంటున్నరు. గీ వానల ఉరుకుడేంది వదినా, పిచ్చిగిట్ల లేసిందా?" అంటూనే పెట్టింది.

లేచిందనే అన్నాను. ఆయన నంబరు చివరి గీత దాటాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదు.

బయల్దేరినప్పుడు సన్నటి చినుకే. నీలగిరి తోట దాటేసరికి గాలి మొదలైంది. నిలబడితే తోసేసే గాలి. కొమ్మలు విరిగి బాట మీద పడుతున్నాయి, ఎర్రమట్టి బూట్లకు అంటుకుని కాళ్లు లేవడం లేదు. ముందున్నవాళ్లంతా ఎప్పుడో కనుమరుగయ్యారు. ఇలాంటి పందేల్లో దారి తప్పకుండా ముందురోజే చెట్లకు ఎర్ర రిబ్బన్లు కడతారు. రిబ్బను కనిపిస్తే దారి సరైనదే అన్నమాట. ఆ రిబ్బన్లను గాలి ఎక్కడికక్కడ పీకేసింది. కళ్లద్దాల నిండా నీళ్లు. బాట రెండుగా చీలినచోట నిలబడి ఏడుపు ఆపుకుంటుంటే ఎడమవైపు పొదల్లో ఎర్రగా ఏదో రెపరెపలాడింది. ప్రాణం లేచొచ్చింది. అటే ఉరికాను. ఇంకాస్త ముందు మరొకటి. దాని తర్వాత తుమ్మచెట్టు కొమ్మకు ఇంకొకటి.

ఆ చెట్టు దగ్గరికి పోయి అద్దాలు తుడుచుకున్నాను. చెట్టు నిండా గుడ్డపేలికలే, ఎర్రవి, పచ్చవి. వెనక చిన్న దర్గా గోడ. అవి రిబ్బన్లు కావు, మొక్కుల గుడ్డలు.

ఈ దర్గా నాకు తెలుసు. ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు మా వీధిలో కూరగాయలమ్మే ఆమె చెబితే, రోడ్డువైపు నుంచి ఆటోలో వచ్చాను. రోగికి నయం కావాలని ఇక్కడ గుడ్డ కడతారు. నయమైతే మళ్లీ వచ్చి విప్పి, చక్కెర పంచుతారు. నేను నా ఎర్ర చున్నీ జరీ అంచు చింపి కట్టాను. నన్ను ఇక్కడిదాకా తెచ్చిన ఆ చివరి ఎర్రగుడ్డకు జరీ ఉంది. అది నాదే. దాన్ని పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

దర్గా చూసుకునే ముసలామె రేకుల కింద పొయ్యికట్టెల మీద పట్టా కప్పుతోంది. నన్ను చూసి నవ్వింది.

"మొక్కు తీరిందా బిడ్డా? గింత వానల అచ్చినవా ఇప్పనీకి? మంచిది, ఇప్పుకో."

"తీరలేదమ్మా. ఆయన పోయిండు."

ఆమె పట్టా వదిలేసి వచ్చి నా తడిచెయ్యి పట్టుకుంది. అంతలో ఫోను మోగింది. పందెం వాళ్లు.

"మేడం, యాడున్నరు? పిడుగులు పడుతున్నయ్, రేసు ఆపేసినం. ఫినిషింగ్ గేటు గూడ గాలికి పడిపోయింది. మీ మెడల్ మీకిస్తం, పరేషాన్ గాకుండ్రి."

నాకు మెడల్ ఎందుకు? ఆయన నంబరు నా వీపు మీద తడిసి ముద్దయింది. దాన్ని దాటించడానికి గీతే లేకుండా పోయింది. ఆసుపత్రి బయట కూడా ఇంత ఏడవలేదు నేను.

ఏడుపు తగ్గాక ముసలామె మెల్లగా అంది, "తీరకున్నా ఇప్పాలె బిడ్డా. ఉంచుకోవద్దు."

సరేనని ముడి మీద గోళ్లు పెట్టాను. ఎండకు ఎండి, వానకు నాని బిగుసుకుపోయింది. గోరు విరిగింది గానీ ముడి కదల్లేదు.

"కత్తి తేవాల్నా?"

వద్దన్నాను. గాలికి ఎక్కడ ఊడిపోతుందోనని ఆ రోజు పళ్లతో లాగి మరీ బిగించింది నేనే.